అన్నా, ఫోర్‌కే పెట్టు!

గుంటూరు బ్రాడీపేటలో మా గేమ్ సెంటర్ పెట్టి పన్నెండేళ్లు దాటింది. రెండు పీఎస్3 (ప్లేస్టేషన్ 3) కన్సోళ్లతో, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెలతో మొదలుపెట్టాను. ఇప్పుడు నాలుగు పీఎస్4లు, రెండు పీఎస్5లు, మూలన ఒక ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉన్నాయి. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట "అన్నా, ఇంకో పది నిమిషాలే". దాని తర్వాతి స్థానం "అన్నా, ఫోర్‌కే పెట్టు" అన్నదానిది.

పెడతాను. పెట్టిన ఐదు నిమిషాలకు ఆ కుర్రాడే "ఏంటన్నా, బండి బరువుగా తిరుగుతోంది, కంట్రోలర్ పోయిందా?" అంటాడు. కంట్రోలర్‌కి ఏమీ కాలేదు. పీఎస్5లో జీటీఏ ఫైవ్ ఆటకి ఫిడెలిటీ మోడ్ (బొమ్మ నాణ్యతకు పెద్దపీట వేసేది) పెడితే బొమ్మ ఫోర్‌కేలో, అంటే బాగా స్పష్టంగా వస్తుంది, కానీ సెకనుకు 30 ఫ్రేములే, అంటే 30 బొమ్మలే. నిన్నటిదాకా వాడు ఆడింది 60 ఫ్రేముల మోడ్‌లో. కంటికి తేడా తెలియకపోయినా బొటనవేలికి తెలిసిపోయింది.

ఇంట్లో కన్సోల్ కొనుక్కున్న పాత కస్టమర్లు కూడా ఫోన్ చేసి ఇదే అడుగుతుంటారు. ఏ మోడ్ పెట్టాలి, ఎందుకు జర్క్ వస్తోంది, అరవై వేలు పెట్టి కొన్నాక కూడా ఆటలో ఊళ్లోకి వెళ్తే ఎందుకు నత్తలా నడుస్తోంది అని. ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

బంతి భోజనం లెక్క

మా బాబాయిది క్యాటరింగ్. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆయన వెంట పెళ్లిళ్లకు వెళ్లి నీళ్లు పోసేవాణ్ణి. కన్సోల్ లోపల జరిగేది అర్థం కావడానికి నాకు ఆ అనుభవమే పనికొచ్చింది.

ఒక ఫ్రేము అంటే ఒక బంతి అనుకోండి. వంటవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. వంటవాళ్లు అంటే సీపీయూ. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎటు నడవాలి, కారు గోడకు గుద్దితే ఏమవ్వాలి, కాపలావాడు మిమ్మల్ని చూశాడా లేదా, ఇవన్నీ అక్కడ తేలాలి. అలా తేలినదాన్ని స్క్రీన్ మీద చుక్కచుక్కగా బొమ్మ వేసేది జీపీయూ. వాళ్లు వడ్డించేవాళ్లు. బంతిలో ఎన్ని విస్తళ్లు వేశాం అన్నది రిజల్యూషన్. నిజం పెళ్లిలో విస్తళ్లు పెరిగితే వంట కూడా పెరగాలి కదా అని మీరు అడగొచ్చు. పోలిక అక్కడ కాస్త కుంటుతుంది. ఆటలో మాత్రం విస్తళ్లు ఎన్ని పెంచినా వంట దాదాపు అంతే ఉంటుంది, వడ్డనే పెరుగుతుంది.

ఇప్పుడు లెక్కలు. 1080పీ అంటే స్క్రీన్ మీద దాదాపు 20.7 లక్షల చుక్కలు. ఫోర్‌కే అంటే 82.9 లక్షలు, సరిగ్గా నాలుగింతలు. మధ్యలో ఉండే 1440పీకి 36.9 లక్షలు. టైము సంగతి చూస్తే, 30 ఫ్రేముల ఆటలో ఒక్కో బంతికి 33.3 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 60 అంటే 16.7. 120 అంటే 8.3.

చుక్కలు పెంచితే భారం వడ్డించేవాళ్ల మీద పడుతుంది. ఆటలో మనుషుల్ని, వాళ్ల తెలివిని పెంచితే వంటవాళ్ల మీద పడుతుంది. ఫ్రేములు రెట్టింపు చేస్తే ఇద్దరూ సగం టైములో పని ముగించాలి. కాబట్టి "రిజల్యూషన్ తగ్గిస్తే ఫ్రేములు పెరుగుతాయి" అన్న మాట సగమే నిజం. వడ్డన ఆలస్యమవుతుంటే పెరుగుతాయి. పప్పు ఇంకా ఉడకకపోతే, బంతిలో విస్తళ్లు సగానికి తగ్గించినా పప్పు తొందరగా రాదు. ఈ గైడ్‌లో మిగతాదంతా మీ ఆటలో ఆలస్యం ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకోవడం గురించే.

కాపలావాడి బుర్ర

ఏఐ అనగానే ఇప్పుడు పిల్లలు చాట్‌బాట్ అనుకుంటున్నారు. ఆటల్లో ఆ మాట ఎప్పటినుంచో ఉంది. శత్రువులు, దారిన పోయేవాళ్లు, మన పక్కన నడిచే తోటివాళ్లు ఏం చేయాలో నిర్ణయించే బుర్రకు ఆ పేరు.

గోడ పక్కన నిలబడ్డ ఒక కాపలావాణ్ణి తీసుకోండి. వాడి కంటి దగ్గర్నుంచి మీ దాకా కనపడని గీత ఒకటి గీసి మధ్యలో గోడ అడ్డముందా అని చూడాలి. మీ అడుగుల చప్పుడు వాడి చెవి దాకా వచ్చిందా చూడాలి. అనుమానం వస్తే మీరున్న చోటికి దారి వెతకాలి, మెట్లు, తలుపులు, బండరాళ్లు తప్పించుకుంటూ. వెళ్లాక కాల్చాలా, పక్కవాణ్ణి పిలవాలా, గోడచాటుకు పోవాలా తేల్చుకోవాలి. చివరికి కాలు మెట్టు మీదే పడేలా కదలాలి. ఒక్కడికైతే ఇది చిన్న పనే. కానీ ఆ 16.7 మిల్లీసెకన్లలో కార్లు గుద్దుకోవడం, బట్టలు ఊగడం, శబ్దాలు, బొమ్మ వేయమని జీపీయూకి పంపే చిట్టా, అన్నీ అదే పొయ్యి మీద కావాలి.

అందుకే ఆట తయారుచేసేవాళ్లు పొదుపు చేస్తారు. కాపలావాడు ప్రతి ఫ్రేముకూ ఆలోచించడు. సెకనుకు కొన్నిసార్లే ఆలోచిస్తాడు, అదీ వంతుల మీద, బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టు. దూరంగా ఉన్నవాడు దాదాపు నిద్రలో ఉంటాడు. ఈ పొదుపు ఒక్కోసారి బయటపడిపోతుంది. ఎల్డెన్ రింగ్‌లో దూరాన తిరిగే శత్రువుల్ని చూడండి, నడక తెగి తెగి కనిపిస్తుంది. 2022లో నింటెండో కన్సోల్ స్విచ్ మీద వచ్చిన పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ ఆటల్లోనైతే కాస్త దూరంలో నడిచేవాళ్లు తోలుబొమ్మల్లా కుదుపులతో కదిలేవారు. మా దగ్గరికి స్విచ్ తెచ్చుకున్న ఒక ఇంటర్ పిల్లాడు అది చూపించి "వాడికి లో వోల్టేజీ అన్నా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

2014లో రెండు ఆటలు

అక్టోబరులో ఏలియన్ ఐసొలేషన్ వచ్చింది, నవంబరులో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలివికీ జనానికీ ఖర్చులో ఉన్న తేడా తెలుస్తుంది.

యూనిటీలో ఫ్రెంచి విప్లవం నాటి ప్యారిస్. వీధుల్లో వేలమంది జనం. పీఎస్4లోనూ, ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ 900పీ, 30 ఫ్రేములే. విడుదలకు ముందే ఆట నిర్మాతల్లో ఒకరు, మాకు అడ్డం పడుతోంది సీపీయూ, ఆ జనం ఏఐ అంతా అదే మొయ్యాలి అని చెప్పారు. జనాలు భగ్గుమన్నారు. 900పీ అంటే 14.4 లక్షల చుక్కలు, అది వడ్డించేవాళ్ల పని కదా, వంటవాళ్లను ఎందుకు తిడతారు అని. నా ఉద్దేశంలో ఇద్దరిదీ కొంత నిజమే. 30 ఫ్రేములకు జనం కారణమంటే ఒప్పుకుంటాను. 900పీకి అది కారణమంటే అంత తేలిగ్గా ఒప్పుకోను. కాకపోతే పీఎస్4లో సీపీయూకీ జీపీయూకీ మెమరీ ఒక్కటే. ఒకరు ఎక్కువ తోడుకుంటే రెండోవాళ్లకు ధార సన్నబడుతుంది. ఆ మేరకు సంబంధం ఉంది.

ఇక ఏలియన్ ఐసొలేషన్‌లో మిమ్మల్ని వేటాడే ప్రధాన శత్రువు చాలాసేపు ఒక్కటే. దానికి రెండు బుర్రలు. పైన ఉన్న బుర్రకు మీరు ఎక్కడున్నారో తెలుసు, అది కింది బుర్రకు "అటువైపు వెళ్లు" అని సూచన మాత్రం ఇస్తుంది. వెతుక్కోవాల్సింది కింది బుర్రే. ఆ ఆట అప్పటికి తొమ్మిదేళ్ల పాతదైన ఎక్స్‌బాక్స్ 360 మీద కూడా ఆడింది. అలమారలో దాక్కుని ఊపిరి బిగబట్టిన మా కస్టమర్లను నేను కళ్లారా చూశాను. ఒక అమ్మాయి నిజంగానే ఊపిరి బిగబట్టింది, టీవీ ముందు కూర్చుని.

ఒక్క జంతువు తెలివిగా ఉండటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. సంతలో వెయ్యిమంది మామూలుగా నడవడానికే కావాలి. ఇంకో తమాషా, యూనిటీలో కూడా ఆ వేలమందికీ పూర్తి బుర్ర లేదు. మీకు దగ్గరున్న కొద్దిమందికే ఉంటుంది, దూరం పోయేకొద్దీ బొమ్మలవుతారు. అయినా అంత బరువైంది.

ఈ లెక్క కన్సోల్ కొనేటప్పుడు కూడా పనికొస్తుంది. పీఎస్4 సీపీయూలో 1.6 గిగాహెర్ట్జ్ (పని వేగం కొలత) జాగ్వార్ కోర్లు ఎనిమిది, అంటే ఎనిమిదిమంది వంటవాళ్లు. అవి తక్కువ కరెంటు తాగే చిన్న ల్యాప్‌టాప్‌ల జాతి కోర్లు. 2016లో పీఎస్4 ప్రో వచ్చినప్పుడు జీపీయూ బలం 1.84 నుంచి 4.2 టెరాఫ్లాప్స్‌కు, అంటే రెట్టింపుకు మించి పెరిగింది. సీపీయూ మాత్రం 2.13 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. వడ్డించేవాళ్లను రెట్టింపు చేసి, వంటవాడి చేతికి ఇంకో గరిటె ఇచ్చారు. అందుకే ప్రోలో చాలా ఆటలు మెరుగ్గా కనిపించాయి గానీ 30 దగ్గరే ఉండిపోయాయి. 2020 నవంబరులో పీఎస్5తో వంటశాల మారింది, 3.5 గిగాహెర్ట్జ్ దాకా పోయే జెన్ 2 కోర్లు ఎనిమిది. ఇప్పుడు చాలా ఆటల్లో 60 మోడ్ కనిపిస్తోందంటే పెద్ద కారణం అదే.

2024 నవంబరులో పీఎస్5 ప్రో వచ్చింది. మళ్లీ అదే కథ. జీపీయూ బాగా పెరిగింది, సీపీయూ కావాలంటే 3.85 దాకా లేస్తుంది, అంతే. 6 గిగాహెర్ట్జ్ వైఫై అనుమతి లేక అప్పట్లో ఇండియాలో అమ్మలేదు, దుబాయ్ నుంచీ అమెరికా నుంచీ బంధువుల సూట్‌కేసుల్లో వచ్చాయి. అలా తెప్పించుకుందామా అని అడిగినవాళ్లకు నేను చెప్పిందేమిటంటే, మీ బాధ బొమ్మ మసకగా ఉండటమైతే తెప్పించుకోండి. ఊళ్లో జనం మధ్య జర్క్ అయితే మాత్రం దానికోసం అంత డబ్బు పెట్టకండి.

సిరీస్ ఎస్ సంగతి దీనికి తలకిందులు. దాని జీపీయూ పెద్ద మోడల్ సిరీస్ ఎక్స్‌లో మూడోవంతు, 12కి 4 టెరాఫ్లాప్స్. సీపీయూ మాత్రం దాదాపు అదే. కాబట్టి సిరీస్ ఎస్‌లో శత్రువులు మొద్దుగా ఉంటారన్నది అపోహ. బొమ్మ తగ్గుతుంది, బుర్ర తగ్గదు. మెమరీ తక్కువ కావడం వేరే తలనొప్పి. బాల్డర్స్ గేట్ 3 సిరీస్ ఎస్‌లో విడుదలైనప్పుడు ఇద్దరు స్క్రీన్ పంచుకుని ఆడే సదుపాయం లేకుండానే వచ్చింది.

ఆలస్యం ఎవరిది? పది నిమిషాల పరీక్ష

కన్సోల్‌లో ఫ్రేముల మీటర్ ఉండదు. కొన్ని కొత్త టీవీల గేమ్ మెనూలో కనిపిస్తుంది. మీకుంటే సంతోషం, లేకపోయినా పరీక్ష ఆగదు.

ఆటలో జనం కిక్కిరిసిన చోటు చూసుకుని సేవ్ చేయండి. సంత, నగర కూడలి, పెద్ద యుద్ధం, ఏదైనా సరే. అక్కడ ఒక బోర్డో, రాతలున్న గోడో ఎంచుకోండి. కుడి స్టిక్‌ను కొంచెమే తోసి కెమెరాను నెమ్మదిగా తిప్పండి. తిరిగేటప్పుడు ఆ అక్షరాలు చదవగలుగుతున్నారా చూడండి. 60లో కొంతవరకు చదవగలరు, 30లో అలుక్కుపోతాయి, పడుతూ లేస్తూ ఉంటే అక్షరాలు వణుకుతాయి. ఈ వణుకు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆట సెట్టింగ్స్‌లో మోడ్ మార్చి, పర్ఫార్మెన్స్ (చుక్కలు తగ్గించి ఫ్రేములు పెంచేది) పెట్టి, అదే చోట అంతే నెమ్మదిగా తిప్పండి. వణుకు పోతే ఆలస్యం వడ్డనలో ఉంది, అంటే మీకు దారి ఉంది. పోకపోతే కెమెరాను ఆకాశం వైపు ఎత్తి, అటూ ఇటూ కదపండి. ఆకాశంలో వేయాల్సిన బొమ్మ ఏముంది? వడ్డించేవాళ్లు ఖాళీ. అయినా వణుకు అలాగే ఉందంటే వెనకాల ఆ జనాన్ని మోస్తున్న వంటశాలదే ఆలస్యం. చివరగా జనం లేని చోటికి వెళ్లి ఏదైనా పేల్చండి. పొగ, మంట స్క్రీన్ నిండా కమ్మినప్పుడు మాత్రమే జర్క్ వస్తే అది పక్కా జీపీయూ.

డ్రాగన్స్ డాగ్మా 2 మీద నేను ఒక ఆదివారం పొద్దున్న, షట్టర్ ఎత్తకముందు, ఈ పరీక్షంతా చేశాను. 2024 మార్చిలో వచ్చిన ఆట. అందులో వెర్న్‌వర్త్ అని రాజధాని. అడవిలో బాగానే ఉంది, ఊరి గేటు దాటగానే కాళ్లకు బురద అంటుకున్నట్టయింది. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని లెక్కగట్టి వేసే పద్ధతి) తీసేశాను. అడవిలో తేడా తెలిసింది, ఊళ్లో పెద్దగా తెలియలేదు. ఆకాశం వైపు చూశాను, బురద అలాగే ఉంది. సందేహం తీరిపోయింది. ఆ ఆటలో ప్రతి మనిషికీ ఒంటి బరువు, తగిలితే పడటం, ఎవరి దారి వాళ్లది, ఇదంతా సీపీయూ మీదే పడుతోందని తయారుచేసినవాళ్లే చెప్పారు. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు కొందరు ఊళ్లో జనాన్ని చంపేసి ఫ్రేములు పెరుగుతాయేమో అని కూడా చూశారు. మీరు అంతదూరం పోకండి, కథలో సరుకులమ్మేవాడు కూడా పోతాడు.

తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో ఫ్రేముల్ని 30 దగ్గర కట్టేసే ఆప్షన్ ఇచ్చారు. నేను అదే పెట్టాను. చాలామంది దీన్ని ఓటమి అనుకుంటారు. నాకలా అనిపించదు. 35, 48, 31, 44 అని ఎగిరిపడటం కంటే తాపీగా ఒకే అడుగు వేసే 30 మేలు. ఆటోలో గతుకుల రోడ్డు మీద యాభైలో పోవడమా, నున్నటి రోడ్డు మీద ముప్ఫైలో పోవడమా అంటే నేను రెండోదే. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో నగరంలోకి వెళ్లాక కూడా ఇదే సలహా. అక్కడ వంతులవారీ పోరాటం కాబట్టి క్వాలిటీ మోడ్ (ఫిడెలిటీ లాంటిదే) పెట్టుకున్నా చేతికి నష్టం ఏమీ లేదు.

ఏ ఆటకు ఏది

కొట్లాట ఆటలు, ఫుట్‌బాల్, కారు రేసులు, తుపాకులు పేల్చే ఆన్‌లైన్ ఆటలు: 60, దొరికితే 120. బేరమే లేదు. టెక్కెన్ అనే కొట్లాట ఆటలో అన్నిటికంటే వేగమైన మామూలు గుద్దు పదో ఫ్రేముకు తగులుతుంది. 60 ఫ్రేముల లెక్కన అది 167 మిల్లీసెకన్లు.

ఒక్కరే తాపీగా ఆడే కథల ఆటలు మీ కంటిని బట్టి. నాకైతే కత్తియుద్ధం ఉంటే 60, నడుస్తూ చూసే ఆటైతే క్వాలిటీ.

జనం, సైన్యం, ఎలుకల మంద ఉన్న ఆటలకు ముందు పైన చెప్పిన పరీక్ష చేయండి. ఎలుకలు అన్నది ఊరికే అనలేదు. 2022లో వచ్చిన ఎ ప్లేగ్ టేల్ రెక్వియమ్‌లో ఎలుకలు వరదలా వచ్చి పడతాయి. మొదట కన్సోల్‌లో 60 మోడ్ లేదు, తర్వాత ఇచ్చారు. అందుకే ఇలాంటి ఆటను మొదటి వారం కొనకుండా కొన్ని నెలలు ఆగితే మేలు. స్టార్‌ఫీల్డ్ కూడా 2023 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్‌లో 30తోనే వచ్చి, 2024 మేలో సిరీస్ ఎక్స్‌కి 60 ఆప్షన్ తెచ్చుకుంది.

పీఎస్5లో ప్రతి ఆటకూ విడిగా మార్చుకునే ఓపిక లేకపోతే సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అండ్ గేమ్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, గేమ్ ప్రీసెట్స్‌లో పర్ఫార్మెన్స్ మోడ్ అని ఒకసారి పెట్టేయండి. అన్ని ఆటలూ దాని మాట వినవు. విన్నవి వింటాయి.

టీవీ వేసే మంత్రం

ఇప్పటిదాకా చెప్పిందంతా కన్సోల్ గురించి. మా దగ్గర సగం ఫిర్యాదులు చివరికి టీవీ దగ్గర తేలాయి.

కోచింగ్ సెంటర్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు రోజూ టెక్కెన్‌కి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకడు రెండో నంబరు టీవీ దగ్గర కూర్చోనని మొండికేశాడు. "ఆ టీవీ నాకు అచ్చిరాదన్నా, అక్కడ ఎప్పుడూ ఓడిపోతాను." నేను నవ్వి, నిమ్మకాయ కట్టమంటావా అన్నాను. వారం తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు నేనే కూర్చుని ఆడితే గుద్దు ఆలస్యంగా పడుతోంది. చూస్తే పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు గేమ్ మోడ్ ఎగిరిపోయినట్టుంది. గేమ్ మోడ్ లేకపోతే టీవీ బొమ్మకు తనవంతు మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది. కొన్ని టీవీల్లో ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా పోతుంది, అంటే ఆరు ఫ్రేములు. పది ఫ్రేముల గుద్దును ఆరు ఫ్రేములు ఆలస్యంగా చూస్తే ఎవడైనా ఓడిపోతాడు. ఆ కుర్రాడికి ఒక గంట ఫ్రీగా ఆడుకోమన్నాను.

కాబట్టి అన్నిటికంటే ముందు టీవీలో గేమ్ మోడ్. తర్వాత మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చూపించడానికి టీవీ చేసే మెరుగు) పేరుతో ఉన్నదేదైనా ఆపేయండి. 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగల టీవీ అయితే ఆ వేగం అన్ని హెచ్‌డీఎంఐ పోర్టుల్లోనూ రాదు, చాలా టీవీల్లో ఒకటో రెండో పోర్టులకే ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది, సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. కేబుల్ పీఎస్5 పెట్టెలో వచ్చిందే వాడండి.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. 55 అంగుళాల టీవీ ఒకటి కొన్నాను, అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 120 అని ఉంది. తెచ్చి తగిలిస్తే పీఎస్5 మెనూ 60 దాటనంటుంది. తీరా చూస్తే ఆ 120 మోషన్ లెక్కట, ప్యానెల్ మాత్రం 60 హెర్ట్జ్‌దే. షాపాయన "రెండూ ఒకటే సార్" అన్నాడు, మార్చి ఇవ్వలేదు. ఇప్పుడు దాని మీద డబ్ల్యూడబ్ల్యూఈ ఆడిస్తున్నాను. మీరు కొనేటప్పుడు నేటివ్ రిఫ్రెష్ రేటు (ప్యానెల్ అసలు హెర్ట్జ్) ఎంత అని అడగండి, నోటిమాట నమ్మకుండా మాన్యువల్‌లో చూపించమనండి. ఇంటికొచ్చాక పీఎస్5 స్క్రీన్ అండ్ వీడియో సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ సమాచారం చూస్తే ఎంత వస్తోందో తెలుస్తుంది.

నిజంగా 120 హెర్ట్జ్ టీవీ ఉన్నవాళ్లకు ఒక లాభం ఉంది, 40 ఫ్రేముల మోడ్. వినడానికి 30 కంటే పదే ఎక్కువ. టైము లెక్కలో చూడండి. 30కి 33.3 మిల్లీసెకన్లు, 60కి 16.7, 40కి 25. సరిగ్గా నడిమధ్య. 120ని 40 మూడు సమభాగాలు చేస్తుంది కాబట్టి బొమ్మ తడబడదు. 60 హెర్ట్జ్ టీవీలో ఇది కుదరదు. 2021లో రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్‌కి ఈ మోడ్ ఇచ్చినప్పుడు చూసి, బొమ్మ అంత బాగుండి కూడా చెయ్యి ఇంత తేలిగ్గా ఉంటుందా అనుకున్నాను. మీ ఆటలో 40 ఉంటే ముందు అదే పెట్టి చూడండి.

వీఆర్ఆర్ (వేరియబుల్ రిఫ్రెష్ రేటు) కూడా ఆన్ చేసుకోండి, ఫ్రేములు తప్పినప్పుడు టీవీయే తన అడుగు సర్దుకుంటుంది. పీఎస్5లో అది 48 నుంచి 120 మధ్యే పనిచేస్తుంది. 55కి పడితే కాపాడుతుంది. వెర్న్‌వర్త్ సంతలో 48 కిందికి పోయాక దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండో ఏఐ

ఇప్పుడు "ఏఐతో ఫోర్‌కే" అని కొత్త మాట వినిపిస్తోంది. పీఎస్5 ప్రోలో పీఎస్ఎస్ఆర్, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో డీఎల్ఎస్ఎస్ ఈ కోవలోవే. తక్కువ చుక్కలతో బొమ్మ వేసి, మిగతా చుక్కలు ఎలా ఉండాలో నేర్చుకున్న పద్ధతితో నింపుతాయి. ముప్ఫై విస్తళ్లకు వడ్డించి, ఫొటోలో వందమంది తిన్నట్టు చూపించడం. చాలాసార్లు బాగా చూపిస్తాయి కూడా, సన్నటి తీగలు, గడ్డి, జుట్టు దగ్గర తప్ప.

ఇది వడ్డించేవాళ్లకు ఊరటనిచ్చే ఏఐ. కాపలావాడి బుర్రకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఫ్రేము జనరేషన్ అని మధ్యలో ఫ్రేముల్ని పుట్టించేది ఇంకొకటుంది, అది కూడా అంతే. కంటికి నున్నగా ఉంటుంది. పుట్టించిన ఫ్రేములో మీ బటన్‌ను పట్టించుకునేవాడు లేడు, శత్రువు కొత్తగా ఆలోచించేదీ లేదు. టెక్కెన్ ఆడేవాళ్లకు దాంతో పని లేదు.

ఇప్పుడు మా సెంటర్‌లో ప్రతి టీవీ కింద ఒక చీటీ అంటించి ఉంటుంది, స్కెచ్ పెన్‌తో రాసింది. ఒకటో నంబరు: ఫుట్‌బాల్, టెక్కెన్, పర్ఫార్మెన్స్, గేమ్ మోడ్ చూసుకోండి. మూడో నంబరు: 120 హెర్ట్జ్, హెచ్‌డీఎంఐ నాలుగులోనే పెట్టాలి. రెండో నంబరు చీటీ కింద ఎవరో పెన్సిల్‌తో చిన్న నిమ్మకాయ బొమ్మ వేశారు. నేను చెరపలేదు.